తాడు మీద నల్లగుడ్డ

లాండ్రీ యజమాని నోట "శుభ్రం" అన్న మాట రోజుకు ఎన్నిసార్లు వస్తుందో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ, ఆ మాటే ఆయనకు పేరై కూర్చుంది. ఎదురుగా సార్ అనేవాళ్లు, అటు తిరగగానే శుభ్రంగారు అనేవాళ్లు. ఆయనకు ఆ సంగతి తెలుసు. తెలిసి మురిసిపోయేవాడు. వెక్కిరింతను బిరుదుగా పుచ్చుకోగల మనిషిని ఏం చేసినా సిగ్గుపరచలేం.

సోమవారం పొద్దున ఆయన ఇస్త్రీ గది గుమ్మంలో నిలబడి, పెద్దక్క వరసగా తొమ్మిదోసారి తుమ్మేదాకా చేతులు కట్టుకుని చూశాడు.

పెద్దక్కకు యాభై దాటాయి. పద్నాలుగేళ్లుగా ఆ బల్ల ఆమెది. వయసులో పెద్దవాళ్లూ చిన్నవాళ్లూ కూడా ఆమెను పెద్దక్క అనే పిలుస్తారు. తుమ్ము వస్తున్నట్టు అనిపించగానే ఇస్త్రీపెట్టెను స్టాండు మీద పెట్టడం, దుప్పటికి వీపు తిప్పడం, మోచేతి మడతలో ముఖం దాచుకోవడం, ఈ మూడూ కనురెప్పపాటులో చేసేది. ఒక్క చుక్క కూడా బల్ల మీద పడేది కాదు. ఆ నేర్పు శుభ్రంగారి కంటికి ఆనలేదు.

"అయిందా?" అన్నాడు.

"అయింది సా..." పదోది వచ్చింది.

"ఇది లాండ్రీ అమ్మా, నాటకాల కంపెనీ కాదు. మూడు వారాల్నించి చూస్తున్నా. ఇంత జలుబు మనిషన్నవాళ్లకి ఉంటుందా?"

"జలుబు కాదు సార్. జ్వరం లేదు, ఒళ్లునొప్పులు లేవు. కళ్లు దురద, అంగిలి దురద, ముక్కులోంచి నీళ్లు. అంతే."

"నీళ్లు కారేదాన్ని జలుబు కాక ఏమంటారు?" అన్నాడాయన. లోకంలో తనకు తెలిసిన జబ్బులు ఆరో ఏడో ఉంటాయి. మిగతావన్నీ పని ఎగ్గొట్టేవాళ్లు కనిపెట్టినవని ఆయన నమ్మకం.

సరిగ్గా అప్పుడే కంటి ఆసుపత్రి హెడ్ నర్సు సంచితో వచ్చింది. ఊళ్లో ఉన్నవాటిలో ఈ లాండ్రీకి అతి పెద్ద ఖాతా ఆ ఆసుపత్రిదే. నలభై మంచాలు, రోజుకు ఎనభై దుప్పట్లు. కుర్చీ చూపించినా ఆవిడ కూర్చోలేదు.

"కంటికి ఆపరేషనైనవాళ్లు తుమ్మకూడదని మీకు తెలుసా?" అంది. "కుట్లు ఉంటాయి. కంటి మీద ఒత్తిడి పడుతుంది. పోయిన వారం నలుగురు, మీ దుప్పటి వేసి పడుకోబెట్టగానే తుమ్ములు మొదలెట్టారు. బీరువాలోంచి పాతవి తీసి వేస్తే ఆగిపోయాయి. మీరు వీటిలో ఏం కలుపుతున్నారు?"

"ఎండ మేడం. ఎండ ఒక్కటే," అని శుభ్రంగారు చేతులు చాపాడు. "అందరూ మిషన్లో ఆరబెట్టి ఇస్తారు. నేను డాబా మీద ఎండలో, గాలిలో... శుభ్రం అంటే..." మధ్యలో ఆగి, గది లోపలికి చూపు తిప్పాడు. దారి దొరికింది. "మా ఇస్త్రీ ఆమెకి జలుబు పట్టుకుంది మేడం. వాటి మీద తుమ్మేస్తోంది. నేను చూసుకుంటాను."

పెద్దక్క చేతిలో దిండుగలీబు ఉంది. దాన్ని అలాగే పట్టుకుని నిలబడిపోయింది. తల కొట్టేసినట్టయింది.

హెడ్ నర్సు ఆమెను ఎగాదిగా చూసింది. "శనివారం వస్తాను. అప్పటికీ ఇంతే అయితే మేం వేరే చోటు చూసుకుంటాం."

ఆవిడ మెట్లు దిగిందో లేదో శుభ్రంగారు వెనక్కి తిరిగాడు. "విన్నావుగా. శనివారంలోగా తుమ్ములు ఆపు. లేదా ఆదివారం నుంచి ఇంట్లో కూర్చుని తీరిగ్గా తుమ్ముకో."

యాభై దాటిన మనిషిని ఏ లాండ్రీ కొత్తగా పనిలో పెట్టుకుంటుంది? పెద్దక్క ఆ సంగతి ఆలోచించకుండా ఉండాలని ఇస్త్రీపెట్టె అందుకుంది. ఉతికే మిషన్ల దగ్గరుండే, అందరూ బాబాయి అని పిలిచే మనిషి మాత్రం మరిచిపోనివ్వలేదు. తడిచేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి పళ్లికిలించాడు.

"ఏం పెద్దక్కా, తుమ్ముల రాణీగారి కుర్చీ ఏడాదిగా ఖాళీగా ఉందనుకున్నాం. నువ్వెక్కేశావన్నమాట."

పోయినేడు ఇదే రోజుల్లో మడతలు పెట్టే అమ్మాయిని తుమ్ముతోందని చెప్పి శుభ్రంగారు పంపించేశాడు. తుమ్ముల రాణి అన్నది ఆ అమ్మాయికి వచ్చిన పేరు. పెట్టింది పెద్దక్కే.

మంగళవారం సెలూన్ వాళ్ల గుడ్డలు ఇస్త్రీకి వచ్చే రోజు. జుట్టు కత్తిరించేటప్పుడు మెడకు కట్టే నల్లటి గుడ్డలు, అరవై దాకా ఉంటాయి. పెద్దక్క పొద్దున్నే వాటితో కూర్చుంది. ముందు రోజు సాయంత్రం మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర ఒకటి వేసుకుని వచ్చింది. తుమ్ము రాలేదు. ఆహా అనుకుంది. పది గంటలకు కళ్లు మూతలు పడసాగాయి. బల్ల కోసలో తల ఆనించి క్షణమే అనుకుంది. వాసన వచ్చేసరికి నల్లగుడ్డ ఒకటి త్రికోణాకారంలో మాడి ఉంది.

పద్నాలుగేళ్లలో ఆమె చేతిలో మాడిన మొదటి గుడ్డ అది. బాబాయి దాన్ని రెండు వేళ్లతో ఎత్తి అందరికీ తిప్పి చూపించాడు. వేరేవాళ్ల తప్పును ఊరేగించే పని ఎవరూ అప్పజెప్పకపోయినా చేసే మనిషి.

ఆ మాత్ర ఇక వేసుకోకూడదనుకుంది. మందు మత్తు మధ్యాహ్నానికి దిగిపోయింది. అయినా సెలూన్ గుడ్డలు చేసినంతసేపూ తుమ్ము లేదు. మూడింటికి ఆసుపత్రి దుప్పట్లు డాబా మీంచి దిగి బల్ల మీదికొచ్చాయి. మొదటి దుప్పటి విదిలించగానే మొదలైంది.

పెద్దక్క ఇంటాయన సిటీ బస్సు నడుపుతాడు. రాత్రి అన్నాల దగ్గర, "నీ తుమ్ములకి స్టాపులు లేవేమిటే, ఎక్స్‌ప్రెస్సు సర్వీసా?" అన్నాడు. తన జోకుకు తనే నవ్వాడు. పెద్దక్క కంచం తీసుకెళ్లి వంటింట్లో కూర్చుంది. కాసేపటికి ఆయన వచ్చి గుమ్మానికి ఆనుకుని, "రేపు పొద్దున డ్యూటీ లేదు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తాలే," అన్నాడు. ఆ మనిషికి తప్పు ఒప్పుకోవడం అలాగే వచ్చు.

డాక్టరమ్మకు మాటలు ఖర్చుపెట్టే అలవాటు లేదు. ముక్కులో లైటు వేసి చూసింది.

"ఎన్నాళ్లుగా?"

"మూడు వారాలండి."

"జలుబైతే ఈపాటికి పోవాలి. పోయినేడు వచ్చిందా?"

పెద్దక్క పక్కనున్న ఆయన వైపు చూసింది. ఆయన గోడ మీది బొమ్మ చూస్తున్నాడు. "కొంచెం ఉండేదండి," అంది గొంతు తగ్గించి. "బాత్రూంలోకెళ్లి కుళాయి తిప్పి తుమ్మేదాన్ని. ఎవరికీ వినపడకుండా."

"ఎందుకు?"

పెద్దక్క కొంగు కొస వేలికి చుట్టుకుంది. డాక్టరమ్మ మళ్లీ అడగకుండా తర్వాతి ప్రశ్నకు వెళ్లింది.

"ఏ పని చేసేటప్పుడు ఎక్కువ?"

పెద్దక్క గుర్తు చేసుకుంది. దుప్పట్లు. నల్లగుడ్డలకు రాలేదు. రెండిటికీ సబ్బు ఒకటే, మిషను ఒకటే, ఇస్త్రీపెట్టె ఒకటే. తేడా ఒక్కటే ఉంది. తెల్లవి డాబా ఎక్కుతాయి, నల్లవి ఎక్కవు. డాబా రోడ్డుకు కనబడుతుంది. యాభై తెల్లదుప్పట్లు తాళ్ల మీద రెపరెపలాడటమే శుభ్రంగారికి బోర్డు. వాటి మధ్య నల్లది కనబడితే ఆయనకు ప్రాణం పోయినంత పని. అందుకని నల్లవీ రంగువీ కింద డ్రయ్యరులోనే ఆరాలని మొదటినుంచీ రూలు.

"మా డాబా చుట్టూ చెట్లున్నాయండి," అంది. "ఇప్పుడు పూతకొచ్చి కంకులు వేలాడుతున్నాయి."

"ఇంకేం, పుప్పొడి," అంటూ డాక్టరమ్మ చీటీ రాయసాగింది. "ఇది మత్తు రాని మాత్ర. తుమ్ము వచ్చాక కాదు, చెట్లు పూసినన్నాళ్లూ రోజూ ఒకటి. ఇది ముక్కులో కొట్టుకునే మందు. గుణం కనబడటానికి వారం పడుతుంది, రెండ్రోజులు చూసి పారేయకు. ఇంటికెళ్లగానే బట్టలు మార్చి తలస్నానం చెయ్యి, ఆ జుట్టుతో దిండు మీద పడుకోకు. పొద్దున పూట కిటికీలు మూసెయ్. పనిలో ముక్కుకి మాస్కు కట్టుకో. ఆయాసం గానీ, ఊపిరి తీస్తే ఈల గానీ వస్తే ఆ రోజే రా. వచ్చే ఏడు పూత మొదలవకముందే రా."

"తగ్గిపోతుందాండి?"

"పోదు. అదుపులో ఉంటుంది," అని డాక్టరమ్మ గంట కొట్టింది.

గురువారం పొద్దున పెద్దక్క రెండు సెలూన్ గుడ్డలు ఉతికించింది. ఒకటి డ్రయ్యరులో వేసింది. రెండోది, మాడినది, కొంగు చాటున పెట్టుకుని డాబా ఎక్కింది. చెట్ల వైపు తాడు మీద రెండు దుప్పట్ల మధ్య దాన్ని వేసి నాలుగు క్లిప్పులు పెట్టింది. గాలి బాగా ఉంది. కొమ్మల నుంచి వేలాడే కంకులు ఊగుతున్నాయి. తెల్లదుప్పటి మీదికి వంగి చూసింది. ఏమీ కనబడలేదు. ఇన్నేళ్లూ అందరూ చూసింది ఆ తెలుపే.

మధ్యాహ్నం రెండింటికి వెళ్లేసరికి నల్లగుడ్డ నల్లగా లేదు. జల్లెడ పట్టిన సెనగపిండి చల్లినట్టు గుడ్డంతా లేతపసుపు. పెద్దక్క వేలితో ఒక గీత గీసింది. గీత నల్లగా పడింది. వేలి కొసకు పసుపు అంటింది. మాస్కు కట్టుకుని ఉన్నా నాలుగు తుమ్ములు వచ్చాయి. ఈసారి వాటి మీద కోపం రాలేదు.

తుమ్ములు ఆగాక ఇంకో సంగతి గుర్తొచ్చింది. మడతలమ్మాయి ఎర్రబడ్డ కళ్లతో దుప్పట్ల కట్ట ఎత్తుకుని నిలబడి అన్న మాట. "తాడు మీది దుప్పట్లు మడతపెట్టేటప్పుడే వస్తున్నాయి పెద్దక్కా. మిషన్లో ఆరినవాటికి రావట్లేదు." ఆ తర్వాత తను అన్నది కూడా గుర్తొచ్చింది. పెద్దక్క క్లిప్పులు ఒక్కొక్కటిగా తీసి డబ్బాలో వేసింది.

"నల్లది తాడెక్కించింది ఎవరు?" మెట్ల మీంచే కేక. రోడ్డు మీద నుంచి చూసినట్టున్నాడు, శుభ్రంగారు రొప్పుతూ వచ్చాడు.

"నేనే సార్. ఒకసారి ఇది చూడండి."

ఆయన చూశాడు. "దుమ్ము."

"పసుపు రంగు దుమ్మా సార్? చెట్ల పుప్పొడి. దుప్పట్ల మీద కూడా ఇంతే పడుతోంది, తెల్లవాటి మీద కనబడట్లేదు. ఇస్త్రీ చేసినా పోదు. ఆసుపత్రిలో తుమ్మేది దీనికే."

ఆయన చెట్లకేసి చూశాడు, గుడ్డకేసి చూశాడు. "చెట్లంటే ప్రకృతి అమ్మా," అన్నాడు చివరికి. "ప్రకృతి శుభ్రం."

పెద్దక్క గుడ్డను పొడి రాలకుండా లోపలికి మడిచి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని తీసుకుని కిందికి వెళ్లాడు. ఆ సాయంత్రమంతా తన గదిలోంచి బయటికి రాలేదు.

శుక్రవారం పొద్దున వచ్చేసరికి డాబా తాళ్లు ఖాళీ. దుప్పట్లన్నీ డ్రయ్యర్ల ముందు వరస కట్టి ఉన్నాయి. శుభ్రంగారు అందరినీ పిలిచి మధ్యలో నిలబడ్డాడు, చేతిలో ఆ సంచి.

"నాకు ఎప్పట్నుంచో అనుమానం," అని మొదలుపెట్టాడు. "పైకి అనలేదు. పరీక్ష చెయ్యకుండా మాట్లాడటం నా పద్ధతి కాదు. నిన్న తాడు మీద నల్లగుడ్డ వేయించి చూశాను. ఇదిగో. చెట్ల పూత అయిపోయేదాకా ఒక్క దుప్పటి పైకెక్కకూడదు."

"సార్ బుర్రే బుర్ర," అన్నాడు బాబాయి, నిన్న సార్ ఆ గుడ్డను చూసి మెట్ల మీంచి కేకలెయ్యడం చెవులారా విన్నవాడు.

అందరూ వెళ్లాక శుభ్రంగారు పెద్దక్క బల్ల దగ్గర ఆగాడు. "నువ్వు ఉండొచ్చులే," అన్నాడు, ఎవరి సొమ్మో దానం చేస్తున్నంత దర్జాగా. "రేపు మేడం వచ్చినప్పుడు మధ్యలో మాట్లాడకు."

పని దక్కింది. పెద్దక్క కోరుకున్నదీ అదే. ఊపిరి తేలిగ్గా ఆడాలి కదా, ఆడలేదు. రోజంతా డ్రయ్యరు దుప్పట్లు చేసింది. మూడే మూడు తుమ్ములు వచ్చాయి. నిన్న డ్రయ్యరులో ఆరబెట్టిన రెండో నల్లగుడ్డను ఆ పూటంతా డాబా మీద రోడ్డుకు కనబడని మూల వేసి ఉంచింది; సాయంత్రం దిగేటప్పుడు దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటి దారి కాకుండా రెండు వీధులు వెనక్కి నడిచింది.

మడతలమ్మాయిది కింది అంతస్తులో ఒంటి గది. కిటికీలు మూసి ఉన్నాయి. గుమ్మం పక్కన మేకుకు బయటికి వేసుకెళ్లొచ్చిన చొక్కా ఒకటి వేలాడుతోంది, దాని కింద బక్కెట్టు, చెంబు. పెద్దక్క తలుపు కొట్టబోయింది.

"అక్కడే ఆగు," అని లోపలి నుంచి వినిపించింది. కిటికీ రెక్క వేలెడంత తెరుచుకుంది. వెనక అమ్మాయి ముఖం. ఒళ్లో చొక్కాలు, చేతిలో సూది. ఇంట్లోనే గుండీలు కుడుతున్నట్టుంది. "అక్కడ్నుంచే వస్తున్నావుగా. ఆ పొడి నా ఇంట్లోకి తేకు."

డాక్టరమ్మ మొన్న చెప్పినవన్నీ ఆ గుమ్మంలో కనిపిస్తున్నాయి. ఈ పిల్ల ఏడాది కిందటే నేర్చుకుంది, ఒక్కతే.

"నీకొకటి చూపిద్దామని..." పెద్దక్క సంచి విప్పబోయింది.

"విప్పకు. అందులో ఏముందో నాకు తెలుసు."

"నువ్వు పోయినేడు చెప్పావు."

"చెప్పాను. నువ్వేమన్నావో కూడా గుర్తుందా?"

పెద్దక్కకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. రాణీగారికి తాడు మీది దుప్పట్లు పడవట, పట్టుపరుపులు తెప్పించండి సార్. అందరూ నవ్వారు. బాబాయి కళ్లనీళ్లు పెట్టుకుని మరీ నవ్వాడు. శుభ్రంగారికి ధైర్యం ఆ నవ్వులోంచే వచ్చింది. మర్నాడే ఆ అమ్మాయిని పంపించేశాడు.

"ఉంది," అంది.

"మీ శుభ్రంగారేమంటున్నాడు?"

"తనే కనిపెట్టానంటున్నాడు."

అమ్మాయి ముక్కులోంచి చిన్నగా నవ్వింది. సూదిలో దారం పళ్లతో తెంపింది. "నువ్వు ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను. అందుకే... చూడమ్మా, నాకు అప్పుడే తుమ్ములుండేవి. బాత్రూంలో దాక్కుని తుమ్మేదాన్ని. అందరూ నీ వైపు చూస్తుంటే నా వైపు చూడరని..." తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, ఆరు. వీపు తిప్పి, మోచేతిలో ముఖం పెట్టుకుని తుమ్మింది.

అమ్మాయి నవ్వలేదు, కిటికీ మూయనూ లేదు. అయ్యేదాకా ఆగింది.

"తప్పయింది," అంది పెద్దక్క, కళ్లు తుడుచుకుంటూ.

"ఇక్కడ చెప్తే ఏం లాభం? ఇక్కడ ఉన్నది నేనొక్కదాన్ని. నాకు ఎప్పుడో తెలుసు," అంది అమ్మాయి. "నవ్వింది ఎక్కడో అక్కడ చెప్పు."

కిటికీ రెక్క మూసుకుంది.

శనివారం హెడ్ నర్సు చెప్పిన టైముకే వచ్చింది. శుభ్రంగారు ఇస్త్రీ గదిలోనే కుర్చీ వేయించి, నల్లగుడ్డను బల్ల మీద పరిచి, పక్కన భూతద్దం కూడా పెట్టించాడు. బాబాయీ, ఉతికేవాళ్లూ గోడవారగా నిలబడ్డారు. ప్రదర్శన నలుగురి ముందు జరగాలని ఆయన ముచ్చట.

"మేడం, ఇది మేం చేసిన పరీక్ష. పుప్పొడి. తెల్లవాటి మీద కంటికి కనబడదు, అందుకని నేను నల్లదాన్ని..."

ఆవిడ గుడ్డ మీద వేలు రాసి చూసుకుంది. "బాగానే ఉంది. మరి సోమవారం ఇస్త్రీ ఆమె జలుబన్నారు?"

"అప్పటికి పరీక్ష పూర్తి కాలేదు మేడం."

హెడ్ నర్సు ఆయన్ను ఒక చూపు చూసింది. నాలుగు రోజుల కిందటి కూరగిన్నె మూత తీసినప్పుడు చూసే చూపు. ముక్కుపుటాలు బిగిసి, పెదవి ఒక పక్కకు వంగింది. శుభ్రంగారు దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు.

పెద్దక్క ఇస్త్రీపెట్టెను స్టాండు మీద పెట్టింది. తుమ్ము వస్తోందనుకుని బాబాయి నవ్వడానికి సిద్ధమయ్యాడు.

"అది సార్ కనిపెట్టింది కాదండి," అంది. మాస్కు కిందికి లాగింది, మాట స్పష్టంగా వినబడాలని. "ఆ గుడ్డ తాడు మీద వేసింది నేను. కనిపెట్టింది నేనూ కాదు. పోయినేడు ఇక్కడ మడతలు పెట్టే అమ్మాయి చెప్పింది, తాడు మీది దుప్పట్లకే తుమ్ములొస్తున్నాయని. సార్ పని మాన్పించారు."

"నీ పని నువ్వు చూసుకో," అన్నాడు శుభ్రంగారు. గొంతు కీచుగా వచ్చింది.

"చూసుకుంటాను సార్. ఇంకొక్క మాట." గోడవార ఉన్నవాళ్ల వైపు తిరిగింది. అసలు మాట ఇప్పుడే చెప్పాలి. "తుమ్ముల రాణి అని పేరు పెట్టింది నేను. అప్పటికే నాకూ తుమ్ములున్నాయి. అవి దాచుకోవడానికి ఆ పిల్లని చూపించి నవ్వాను, మిమ్మల్ని నవ్వించాను. ఆ పిల్ల పని పోయింది నా వల్ల."

బాబాయి తన చెప్పులకేసి చూసుకున్నాడు.

హెడ్ నర్సు కుర్చీలోంచి లేచింది. పెద్దక్క ఆవిడ ముఖంలోకి చూసింది. ఎందుకో అక్కడ కాస్త మెత్తదనం ఉంటుందనుకుంది. లేదు. ఇందాక శుభ్రంగారి మీద పడ్డ చూపే, అదే బిగిసిన ముక్కు, అదే వంగిన పెదవి, ఇప్పుడు తన మీదికి తిరిగింది. ఏమీ తగ్గలేదు.

"ఆ అమ్మాయి ఎక్కడుంటుందో నాకు రాసివ్వు," అంది ఆవిడ. "మా లినెన్ గదికి మనిషి కావాలి."

పెద్దక్క దుప్పటికి కట్టే చీటీ ఒకటి తీసుకుని వెనక వైపు వీధి, గది గుర్తులు రాసి, రెండు చేతులతో అందించింది. ఆవిడ చీటీ తీసుకుంది గానీ, చూపు మార్చుకోలేదు. పెద్దక్క తల దించుకోకుండా ఆ చూపు కింద నిలబడింది. అది తనకు రావలసిందే, ఏడాది ఆలస్యంగా వచ్చింది. ఆవిడ మెట్లు దిగిపోయాక మాస్కు పైకి లాక్కుని, తర్వాతి దుప్పటి బల్ల మీద పరిచింది.